ఒడ్డున దొరికిన జీవి ఏ గ్రూపుదో మీరే కనిపెట్టడం ఎలా: స్పాంజి నుంచి సొర దాకా

బైపీసీ చదివిన వాళ్ళందరికీ జంతువుల గ్రూపుల లిస్టు నోటికి వచ్చే ఉంటుంది, పొరిఫెరా, నిడేరియా, టీనోఫోరా, ప్లాటీహెల్మింథిస్ అంటూ ఇఖైనోడెర్మేటా దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళం. కానీ అదే మనల్ని తీసుకెళ్ళి వైజాగ్ తెన్నేటి పార్క్ కింద సముద్రపు రాళ్ళ మధ్య నిలబెట్టి ఒక చిన్న జీవిని చూపించి ఇదేంటి అంటే మాత్రం నోరు పెగలదు. మా పాప ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు నేను దాన్ని పట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళాను, ల్యాబ్‌లో ఫార్మలిన్ సీసాల్లో తెల్లగా పాలిపోయి ఉన్నవి చూడ్డం వేరు, కదులుతూ రంగులతో బతికున్నవి చూడ్డం వేరు అని ఆ ఒక్క పూటలో ఇద్దరికీ అర్థమైంది. అప్పటి నుంచి మేము వాడుతున్న పద్ధతి ఇది, పిల్లలకైనా పెద్దలకైనా పనికొస్తుంది, సముద్రం లేని ఊళ్ళో ఉన్నవాళ్ళు చేపల మార్కెట్‌లో, పెరట్లో కూడా చేసుకోవచ్చు.

అసలు మొదలుపెట్టే ముందే ఒక మాట. పేరు నమ్మొద్దు, పైకి కనిపించే ఆకారం కూడా నమ్మొద్దు. జెల్లీ ఫిష్ చేప కాదు, స్టార్ ఫిష్ చేప కాదు, కటిల్ ఫిష్ చేప కాదు, మన బీరువాలో పుస్తకాలు కొరికే సిల్వర్ ఫిష్ అయితే పురుగు. రొయ్యని చేపల బజార్లో అమ్ముతారు కాబట్టి చాలామంది చేపల్లో కలిపేస్తారు, అది పీతకి చుట్టం, చేపకి ఏమీ కాదు. ఇంకోపక్క పాములా ఉండే ఈల్ మాత్రం నికార్సైన చేప, గుర్రం మొహం పెట్టుకుని నిలువుగా ఈదే సీ హార్స్ కూడా చేపే. అందుకే పేరు పక్కన పెట్టి దాని కట్టుబడి ఎలా ఉందో చూడాలి, అంటే లోపల ఎముక ఉందా, ఒళ్ళు ఎటు నుంచి ఎటు సమానంగా ఉంది, ముక్కలు ముక్కలుగా ఉందా, కాళ్ళకి కీళ్ళు ఉన్నాయా, ఇలా వరసగా ప్రశ్నలు వేసుకుంటూ పోవడమే. ఆ వరస తప్పకపోతే ముప్పావు వంతు జీవులు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి

సముద్రం బాగా వెనక్కి వెళ్ళే రోజు చూసుకోవాలి, అమావాస్యకి పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజుల్లో ఆటు బాగా కిందికి దిగుతుంది. ఫోన్లో వైజాగ్ టైడ్ టైమింగ్స్ అని కొడితే ఏ గంటకి నీళ్ళు బాగా తగ్గుతాయో వచ్చేస్తుంది, ఆ టైంకి గంట ముందే అక్కడ ఉండండి, నీళ్ళు తిరిగి రావడం మొదలయ్యాక ఒడ్డుకి వచ్చేయండి. మన దగ్గర ఆటుకీ పోటుకీ తేడా గుజరాత్ తీరంలో ఉన్నంత ఉండదు, కాబట్టి మంచి రోజు చూసుకోకపోతే రాళ్ళ గుంటలు అసలు బయటపడవు. రుషికొండ పక్కన, మంగమారిపేట దగ్గర, భీమిలి దారిలో ఇలాంటి రాళ్ళున్న చోట్లు చాలానే ఉన్నాయి, ఒట్టి ఇసుక బీచ్‌లో అలలు తెచ్చి పడేసినవే దొరుకుతాయి గానీ బతికున్నవి పెద్దగా కనిపించవు.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు, పట్టు ఉన్న చెప్పులు (నాచు మీద జారితే మోకాలు చిప్ప పోతుంది), ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్, ఫోన్, ఒక నోట్ బుక్కు పెన్సిలు. తెల్ల డబ్బా ఎందుకంటే అందులో సముద్రపు నీళ్ళు పోసి జీవిని ఒక్క నిమిషం పెడితే దాని కాళ్ళు, మీసాలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. చూసిన వెంటనే ఎక్కడ తీశామో అక్కడే పెట్టేయాలి, రాయి తిప్పితే మళ్ళీ అలాగే బోర్లించాలి, తిప్పి వదిలేస్తే దాని కింద బతికేవన్నీ ఎండకి మాడి చచ్చిపోతాయి. ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నాను ఎందుకంటే రీల్స్ కోసం వచ్చి రాళ్ళన్నీ తిరగేసి పోయేవాళ్ళని చూశాను, వారం తర్వాత వెళ్తే ఆ గుంటలో ఒక్క జీవి కూడా లేదు.

మొదటి ప్రశ్న: కదులుతుందా, నోరు ఎక్కడుంది?

రాయికి అతుక్కుని ముద్దలాగా, పసుపుగానో నారింజ రంగులోనో ఉండి, ముట్టుకున్నా చలనం లేకుండా, దగ్గరగా చూస్తే ఒళ్ళంతా సన్నటి రంధ్రాలుంటే అది స్పాంజి, అంటే పొరిఫెరా. దానికి నోరు లేదు, కడుపు లేదు, నరం లేదు, గుండె లేదు. సన్న రంధ్రాల్లోంచి నీళ్ళు లోపలికి లాక్కుని, అందులో ఉన్న సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తిని, పైన ఉన్న పెద్ద రంధ్రంలోంచి నీళ్ళు బయటికి తోసేస్తుంది, దాని బతుకంతా ఆ వడపోతే. లోపల సున్నంతోనో సిలికాతోనో చేసిన సూదుల్లాంటివి ఉంటాయి, అవి గుచ్చుకుంటే దురద పెడుతుంది, కాబట్టి చేత్తో నలపొద్దు.

ముద్దలాగే ఉంది గానీ వేలు దగ్గరికి పెడితే ముడుచుకుపోయింది అంటే అది స్పాంజి కాదు. రాళ్ళ గుంటల్లో గోధుమరంగు, ఆకుపచ్చ పువ్వుల్లా కనిపించేవి సీ ఎనిమోన్లు. మధ్యలో ఒకటే నోరు, చుట్టూ వేళ్ళలాంటి స్పర్శకాలు, తినేదీ ఆ దారినే విసర్జించేదీ ఆ దారినే. ఇది నిడేరియా గ్రూపు, జెల్లీ ఫిష్, పగడాలు, మంచినీటి హైడ్రా అన్నీ ఇందులోవే. వీటన్నిటికీ ఉన్న ఒకే ఒక్క గుర్తు కుట్టే కణాలు, పుస్తకంలో దంశకణాలు అని చదివాం కదా, ఒక్కో కణంలో చుట్ట చుట్టుకున్న సన్న దారం ఉంటుంది, ఏదైనా తగిలితే అది స్ప్రింగులాగా బయటికి దూసుకొచ్చి విషం దించుతుంది. గమ్మత్తేంటంటే ఆ కణానికి జంతువు బతికి ఉండాల్సిన పని కూడా లేదు, ఒడ్డున ఎండిపోయి పడున్న జెల్లీ ఫిష్ కూడా కుట్టగలదు. అందుకే పిల్లల్ని ముందే హెచ్చరించండి, నీలం రంగు గాలి బుడగలాగా తోకలు వేలాడుతూ ఇసుక మీద పడి ఉండే బ్లూ బాటిల్‌ని అస్సలు ముట్టుకోకూడదు. అది ఒక్క జంతువు కూడా కాదు, చాలా చిన్న జీవులు పని పంచుకుని కలిసి బతికే గుంపు. ఎవరికైనా తగిలితే రుద్దొద్దు, మంచినీళ్ళు పోయొద్దు, సముద్రపు నీళ్ళతోనే కడిగి, అంటుకున్న తీగల్ని పట్టకారుతో తీసేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఊపిరి ఆడకపోతే ఒక్క క్షణం కూడా ఆగొద్దు.

ఎప్పుడైనా గాజు ముక్కలాగా ఉండి ఎండ పడితే ఒంటి మీద ఎనిమిది వరసలు రంగులు రంగులుగా మెరిసే జీవి దొరికిందా, అది టీనోఫోరా. జెల్లీ ఫిష్‌లా కనిపిస్తుంది గానీ కుట్టదు, ఆ ఎనిమిది వరసలూ దువ్వెన పళ్ళలాంటివి, వాటితోనే ఈదుతుంది. అరుదుగానే దొరుకుతుంది, దొరికితే వీడియో తీసుకోండి, ఫోటోలో ఆ మెరుపు రాదు.

రెండో ప్రశ్న: పురుగులా పొడవుగా ఉంటే ఏ పురుగు?

పురుగు అనే ఒక్క మాటతో మనం సరిపెట్టేస్తాం గానీ అందులో మూడు పూర్తిగా వేరు వేరు కుటుంబాలున్నాయి, చూడాల్సింది అడ్డకోత ఎలా ఉందో అని, అంటే కత్తితో కోయమని కాదు, బద్దలాగా ఉందా, దారంలాగా గుండ్రంగా ఉందా, ఉంగరాలు ఉంగరాలుగా ఉందా అని.

రిబ్బన్‌లాగా చదునుగా ఉంటే ప్లాటీహెల్మింథిస్. రాళ్ళ కింద ఆకులాగా జారుకుంటూ పోయే రంగురంగుల సముద్రపు బద్దె పురుగులు దొరుకుతాయి, కానీ మన ఊళ్ళల్లో ఎక్కువ తెలిసినవి ఒంట్లో బతికేవే, పేగుల్లో బద్దె పురుగు, గొర్రెలకీ మేకలకీ జలగ వ్యాధి తెచ్చే లివర్ ఫ్లూక్. దాన్ని పల్లెటూళ్ళల్లో జలగ అంటారు గానీ అసలు జలగకీ దానికీ చుట్టరికమే లేదు, పేరు నమ్మొద్దు అన్నది ఇందుకే.

గుండ్రంగా, రెండు కొనలూ సన్నబడి, నున్నగా, ఉంగరాలు లేకుండా ఉంటే నెమటోడా. పిల్లల కడుపులో ఏలికపాములు, నులిపురుగులు ఇవే. స్కూళ్ళల్లో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు కదా, అది ఈ గ్రూపు మీదే. కోస్తాలో తరతరాలుగా చూసిన బోదకాలు కూడా నెమటోడా పనే, క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. మన తాతల కాలంలో కాలిలోంచి పుల్లకి చుట్టి బయటికి లాగేవాళ్ళు కదా, ఆ నారికురుపు పురుగూ ఇదే గ్రూపు, 2000లో మన దేశం దాన్నుంచి పూర్తిగా బయటపడింది. వీళ్ళ గుర్తు ఏంటంటే నోటి నుంచి ఆసనం దాకా రెండు దారులూ ఉన్న పూర్తి పేగు ఉంటుంది, చదును పురుగులకి అది లేదు, బద్దె పురుగుకైతే అసలు పేగే లేదు, చర్మంతోనే మన తిండి పీల్చేసుకుంటుంది.

ఒళ్ళంతా ఉంగరాలుంటే అనెలిడా. దీనికి సముద్రం అక్కర్లేదు, తొలకరి పడ్డాక పెరట్లోకి వెళ్ళండి చాలు. వానపాముని తడి చేతిలో పెట్టుకుని లెన్స్‌తో చూడండి, వందకి పైగా ఉంగరాలు, ముందు భాగంలో 14 నుంచి 16 వరకు ఉంగరాల మీద దళసరి పట్టీ ఒకటి ఉంటుంది, అది ఉన్న వైపే తల. వేలితో కింది వైపు వెనక నుంచి ముందుకి రాస్తే గరుగ్గా తగులుతుంది, అవి నేలని పట్టుకునే సన్న వెంట్రుకలు. అసలు జలగ కూడా ఇందులోదే, అతుక్కోవడానికి ముందొక పట్టు వెనకొక పట్టు ఉంటాయి, సముద్రం రాళ్ళ కింద దొరికే నీరీస్ అనే పురుగుకైతే ప్రతి ఉంగరానికీ రెండు పక్కలా చిన్న తెడ్లలాంటి కాళ్ళుంటాయి. మా పాప దాన్ని చూసి జెర్రి అనుకుంది, దగ్గరగా చూస్తే ఆ కాళ్ళకి కీళ్ళు లేవు, మెత్తటి కండే, అక్కడే తేలిపోయింది.

మూడో ప్రశ్న: కాళ్ళకి కీళ్ళున్నాయా?

ఉన్నాయి అంటే ఇంక ఆలోచించక్కర్లేదు, ఆర్థ్రోపొడా. ప్రపంచంలో మనిషి పేరు పెట్టిన జంతువుల్లో ఎక్కువ భాగం వీళ్ళే, పది లక్షలకి పైన రకాలు. గట్టి పెంకు, అది పెరగదు కాబట్టి పెరిగేకొద్దీ విడిచేసి కొత్తది వేసుకోవడం, కీళ్ళ కాళ్ళు, ఈ మూడే గుర్తులు. రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు, మోల్టింగ్ అయిన రాత్రి రొయ్య మెత్తబడి ఉంటుందనీ, అప్పుడే పక్క రొయ్యలు దాన్ని పీక్కు తింటాయనీ, అమావాస్య పౌర్ణమికి ఎక్కువగా విడుస్తాయనీ భీమవరం వైపు ఏ రైతునడిగినా చెప్తాడు.

లోపల ఏ శాఖో తెలుసుకోవాలంటే కాళ్ళు లెక్కపెట్టడమే. మూడు జతలుంటే కీటకం, నాలుగు జతలుంటే సాలీడు తేలు వైపు, నడిచే కాళ్ళు ఐదు జతలుండి మీసాలు రెండు జతలుంటే రొయ్య, పీత, ఎండ్రకాయ. పీతకి కొండ్లు కూడా కాళ్ళ లెక్కలోనే వస్తాయి, అది మర్చిపోయి చాలామంది నాలుగు జతలే అంటారు. ఒక్కో ఉంగరానికి ఒక జత ఉంటే జెర్రి, రెండేసి జతలుంటే రోకలిబండ, వానాకాలంలో గోడలెక్కే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి ఎంత తేడానో.

ఇక్కడ అందరూ బోల్తా పడే జీవి ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగండి. రాళ్ళ మీద, పడవల అడుగున తెల్లగా చిన్న చిన్న అగ్నిపర్వతాల్లా అతుక్కుని ఉంటాయి, కాలికి గీసుకుంటే రక్తం వస్తుంది, బార్నకిల్ అంటారు. సున్నపు పెంకు చూసి ఎవరైనా నత్త జాతే అంటారు, శాస్త్రవేత్తలు కూడా చాలా కాలం అలాగే అనుకున్నారు, 1830లో జాన్ వాఘన్ థాంప్సన్ దాని పిల్లల్ని గమనించి ఇది రొయ్య కుటుంబమని తేల్చాడు, తర్వాత డార్విన్ ఒక్క వీటి మీదే 1846 నుంచి ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. మీరే చూడొచ్చు, నీళ్ళలో మునిగి ఉన్న ఒక బార్నకిల్ ముందు నీడ పడకుండా రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి, పైన తలుపులు తెరుచుకుని ఈకలాంటి కాళ్ళు బయటికొచ్చి నీళ్ళని దేవుతూ లోపలికి వెళ్తాయి. కీళ్ళ కాళ్ళు! తల కింద పెట్టి రాయికి అతికించుకుని కాళ్ళతో తిండి లోపలికి తోసుకునే రొయ్య చుట్టం అది. మేము ఆ రోజు ఒకే బార్నకిల్ ముందు పావుగంట కూర్చున్నాం.

ఇంకొకటి సన్యాసి పీత, పైన చూస్తే నత్త గుల్ల, లోపల చూస్తే పీత కాళ్ళు. ఇల్లు ఒకరిది, కాపురం ఇంకొకరిది. గుల్లని బట్టి మొలస్కా అని రాయొద్దు, గుల్ల మొలస్కాది, జీవి ఆర్థ్రోపొడా. బీచ్‌లో గవ్వలూ గుల్లలూ సంచి నిండా ఏరుకెళ్ళొద్దు అనేది కూడా ఇందుకే, వాటికి ఇళ్ళు అవే.

నాలుగో ప్రశ్న: మెత్తటి ఒళ్ళు, ఒక పాదం?

కీళ్ళు లేవు, ఉంగరాలు లేవు, మెత్తటి కండ, దాని మీద కప్పినట్టు ఒక పొర, నడవడానికి కండతో చేసిన పాదం ఉంటే మొలస్కా. చాలావాటికి ఆ పొరే గుల్లని తయారు చేస్తుంది. గుల్ల ఒకటే ఉండి చుట్ట తిరిగి ఉంటే నత్త, శంఖం, గవ్వ. టోపీలాగా రాయికి బోర్లించి ఉంటే లింపెట్, అదీ నత్త కుటుంబమే. రెండు చిప్పలు తలుపుల్లా ఉంటే ఆల్చిప్ప, ముస్సెల్, వీటికి తల ఉండదు, నాలుక ఉండదు, మొప్పలతోనే నీళ్ళు వడగట్టి తింటాయి. వీపు మీద వరసగా ఎనిమిది పలకలుంటే కైటాన్, రాళ్ళ నెర్రెల్లో వెతకండి, రాయి రంగులోనే ఉండి కళ్ళెదుటే ఉన్నా కనపడదు.

ఆక్టోపస్, స్క్విడ్, కటిల్ ఫిష్ ఇవన్నీ కూడా మొలస్కానే అంటే మొదట నమ్మబుద్ధి కాదు. వీటిలో పాదమే చేతులుగా మారింది, ఆక్టోపస్‌కి ఎనిమిది చేతులు, స్క్విడ్‌కీ కటిల్‌కీ ఎనిమిది చేతులతో పాటు పొడుగు తీగలు రెండు, మూడు గుండెలు, నీలం రక్తం. గుల్ల ఏదీ అంటారా, పచారీ కొట్లో సముద్రపు నురుగు అని తెల్లటి తేలిక బిళ్ళ అమ్ముతారు, పంజరంలో చిలక్కి ముక్కు అరగదీసుకోవడానికి పెడతారు చూడండి, అది నురుగు కాదు, కటిల్ ఫిష్ ఒంట్లో ఉండే గుల్ల. మా అమ్మమ్మ దాన్ని అరగదీసి మందుల్లో వాడేది, అది ఒక జంతువు వెన్నులోదని ఆమెకి చివరిదాకా తెలీదు, ఒకసారి వైజాగ్ హార్బర్‌లో కటిల్‌ని కోసినప్పుడు ఆ బిళ్ళ బయటపడటం చూసి నాకు మొదటిసారి తెలిసింది.

ఒక హెచ్చరిక, శంకువులాగా నున్నగా అందమైన డిజైన్‌తో ఉన్న బతికున్న నత్త దొరికితే చేత్తో పట్టుకోవద్దు. కోన్ స్నెయిల్ అంటారు, విషపు బాణంలాంటి పన్ను ఉంటుంది, కొన్ని జాతుల దెబ్బకి మనుషులు చనిపోయారు.

ఐదో ప్రశ్న: ఐదు వైపులా సమానమా?

స్టార్ ఫిష్ తిరగేసి డబ్బాలో నీళ్ళలో పెట్టండి, చేతుల కింద వందల సన్నటి గొట్టాలు పురుగుల్లా కదులుతాయి, వాటిలోకి నీళ్ళు పంప్ చేసుకుంటూ పాకుతుంది, మన హైడ్రాలిక్ జాకీ పని చేసినట్టే. ఈ నీళ్ళ గొట్టాల ఏర్పాటు ఇంకే గ్రూపుకీ లేదు, ఇఖైనోడెర్మేటాకి మాత్రమే ఉంది. ముళ్ళ బంతిలాంటి సీ అర్చిన్, బిస్కెట్ బిళ్ళలాంటి శాండ్ డాలర్, సన్న చేతుల బ్రిటిల్ స్టార్, దోసకాయలా పొడుగ్గా పడుకునే సీ కుకుంబర్ అన్నీ ఇవే. దోసకాయలో ఐదు ఎక్కడుంది అంటే, దాన్ని ఒక కొస నుంచి చూడండి, పొడవునా ఐదు గీతలు ఉంటాయి. ఇంకో తేలిక గుర్తు ఏంటంటే ఈ గ్రూపులో ఒక్కటి కూడా మంచినీళ్ళలో బతకదు, కాబట్టి గోదావరిలోనో చెరువులోనో దొరికింది అంటే ఇది కానే కాదు. సీ కుకుంబర్, సీ హార్స్, పగడం, ఇవి వన్యప్రాణి చట్టం కింద ఉన్నవి, ఎండినవైనా ఇంటికి తెచ్చుకోకూడదు.

ఇప్పుడు చేపల దగ్గరికి

దీనికి పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళండి, హైదరాబాద్‌లో ఉంటే రాంనగర్ చేపల మార్కెట్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, ఆ 61 రోజులు హార్బర్‌లో రకాలు తక్కువుంటాయి, తర్వాత వారం పది రోజులకి వెళ్తే కళ్ళు చెదిరిపోతాయి.

చేప అంటే వెన్నెముక, మొప్పలు, రెక్కలు, రెండు గదుల గుండె. పక్కన పొడవునా ఒక గీత ఉంటుంది, దాంతో నీళ్ళలో కదలికలు పసిగడుతుంది. డాల్ఫిన్‌కి మొప్పలు లేవు, తోక అడ్డంగా ఉంటుంది, చేప తోక నిలువుగా ఉంటుంది, దూరం నుంచి కూడా అదొక్కటి చాలు.

దవడ ఉందా అనేది మొదటి ప్రశ్న. లాంప్రే, హాగ్ ఫిష్ అని దవడలే లేకుండా గుండ్రటి నోరున్నవి ప్రపంచంలో వంద పైచిలుకు రకాలున్నాయి, అవి మన మార్కెట్లో దొరకవు, పుస్తకంలో చూసి ముందుకి పదండి.

తర్వాత, మొప్పల మీద మూత ఉందా? ఇదే అసలైన ప్రశ్న. నేను దీన్ని నేర్చుకుంది హార్బర్‌లో చేపలమ్మే ఒక పెద్దావిడ దగ్గర. సొర చేప తాజాదో కాదో ఎలా చూస్తావు అమ్మా అని అడిగితే, "మిగతా సేపకైతే మూతెత్తి సూస్తామమ్మా, దీనికి మూతేటుంది, గీతలే గదా" అంది. టెక్స్ట్ బుక్కులో పేజీన్నర ఉన్న విషయం అది. సొర పక్కన చూడండి, ఐదు చీలికలు తెరిచే ఉంటాయి, మూత లేదు. ఇవి మృదులాస్థి చేపలు, అంటే మన చెవి డిప్పలో ఉండే వంగే ఎముకే వాటి అస్థిపంజరం మొత్తం, అందుకే బాలింతలకి సొర పుట్టు వండేటప్పుడు ఉడకబెట్టి చేత్తో చిదిమేస్తే పొడి పొడిగా వచ్చేస్తుంది, ముల్లు ఏరే పని ఉండదు. చర్మాన్ని తల నుంచి తోక వైపు రాస్తే నున్నగా, తోక నుంచి తల వైపు రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది, ఆ పొలుసులు కట్టుబడిలో పళ్ళలాంటివే. నోరు కింది వైపు, తోకలో పై రెబ్బ పెద్దది, లోపల గాలితిత్తి లేదు, నూనెతో నిండిన పెద్ద కాలేయమే తేలడానికి సాయం చేస్తుంది. మగదానికి కింద కడుపు రెక్కల దగ్గర రెండు పుల్లల్లాంటివి ఉంటాయి, అవి కనిపిస్తే మగ సొర.

చదునుగా దుప్పటిలా ఉండే టేకు చేప కూడా ఇదే గ్రూపు. చదునుగా ఉన్న సొరకీ టేకుకీ మధ్య అనుమానం వస్తే తిరగేయండి, చీలికలు పక్కన ఉంటే సొర, కింద పొట్ట వైపు ఉంటే టేకు. తోక మీద ముల్లు జాగ్రత్త, గుచ్చుకుంటే విపరీతమైన నొప్పి, చర్మం కాలనంత వేడినీళ్ళలో ఆ భాగం ఉంచి ఆస్పత్రికి వెళ్ళాలి, జెల్ల ముల్లు గుచ్చుకున్నా అదే.

మూత ఉంటే ఎముక చేప. ఉన్న దాదాపు 35,000 రకాల చేపల్లో నూటికి 95కి పైన ఇవే, కాబట్టి ఇక్కడితో ఆగకూడదు. పండుగప్ప పొలుసూ బొచ్చె పొలుసూ ఒక్కోటి అడిగి తీసుకుని లెన్స్ కింద పెట్టండి, బొచ్చె పొలుసు అంచు నున్నగా ఉంటుంది, పండుగప్ప పొలుసుకి ఒక వైపు దువ్వెన పళ్ళు ఉంటాయి, పండుగప్పకి వీపు రెక్క ముందు భాగం ముళ్ళతో గట్టిగా ఉంటుంది, బొచ్చెకి అలా ఉండదు. బొచ్చెని కోసినప్పుడు తెల్లగా రెండు బుడగలు కలిసినట్టుండే గాలితిత్తి అడిగి చూడండి, మధ్యలో నొక్కు పడి ఉంటుంది. వాలుగ, జెల్ల వీటికి పొలుసులే ఉండవు, మీసాలుంటాయి, మూత ఉంది కాబట్టి అవీ ఎముక చేపలే. పొలుసు లేదు కదా అని సొర గ్రూపులో వేసేసిన పిల్లల్ని చూశాను.

కొర్రమీను బకెట్లో గంటలు గంటలు బతికుండటం తెలంగాణలో అందరూ చూసిందే, మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చే గది ఒకటి ఉంది దానికి, కొద్దిపాటి నీళ్ళలో కూడా పైకొచ్చి గాలి మింగుతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. పులస గురించి పుస్తెలమ్మైనా తినాలి అంటాం గానీ దాని కట్టుబడి ఎవరూ చూడరు, పొట్ట అంచు కింద వేలితో రాయండి, రంపంలాగా తగులుతుంది, కవళ్ళ కుటుంబం అని అదే చెప్తుంది. సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరదకి గోదావరిలోకి ఎదురీదుకుంటూ గుడ్లు పెట్టడానికి వస్తే పులస, రెండూ ఒకే చేప.

ఎముక చేపల్లోనే కండగల రెక్కలున్న చిన్న కొమ్మ ఒకటుంది, మార్కెట్లో దొరకదు గానీ తెలుసుకోవాలి. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో ఈస్ట్ లండన్ రేవుకొచ్చిన ఒక పడవలో మార్జరీ కోర్టెనే లాటిమర్ అనే మ్యూజియం ఉద్యోగిని ఒక వింత నీలం చేపని గుర్తుపట్టింది, డైనోసార్లతోనే పోయింది అనుకున్న సీలకాంత్ అది. ఆమె కూడా చేసిందదే, రేవులో చేపల కుప్ప దగ్గర నిలబడి రెక్కలు, పొలుసులు చూసి ఇది మామూలు చేప కాదు అనుకుంది. సీలకాంత్, ఊపిరితిత్తుల చేపలు ఈ కొమ్మవే, నాలుగు కాళ్ళ జంతువులన్నీ, మనం కూడా, ఈ కొమ్మ నుంచి వచ్చినవాళ్ళమే.

నోట్ బుక్కులో ఎలా రాయాలి

తేదీ, టైం, చోటు, ఆటు ఎంతకి ఉంది, తర్వాత ప్రశ్నలకి జవాబులు వరసగా, పేరు చివర్లో. పేరు ముందు రాస్తే మనసు దానికి తగ్గట్టు చూడ్డం మొదలుపెడుతుంది, ఇది నాకు చాలాసార్లు జరిగింది. బొమ్మ వంకరగా వచ్చినా వేయండి, బొమ్మ వేస్తేనే కాళ్ళు లెక్కపెడతాం. తేలనిదానికి ప్రశ్నార్థకం పెట్టి, పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, నోటి దగ్గర ఒకటి ఫోటోలు తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టండి, తెలిసినవాళ్ళు చూసి చెప్తారు, జవాబు రావడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. మా నోట్ బుక్కులో ఇంకా పదకొండు ప్రశ్నార్థకాలున్నాయి, వచ్చే అమావాస్యకి ఆటు దిగే టైంకి అదే గుంట దగ్గరికి వెళ్తున్నాం, మొన్న రాయి కింద కనిపించిన ఆ ఊదారంగు ముద్ద వేలు పెడితే ముడుచుకుంటుందో లేదో చూడాలి.